ఇరవై ఆరు ఇళ్ల షర్మూలా

మా ఊరు స్ఫాక్స్‌లో నలభై దాటినవాళ్లలో చాలామందికి నైలు నది ఎటు నుంచి ఎటు పారుతుందో నేర్పింది మేడమ్ జలీలానే. ముప్పై మూడేళ్లు బడిలో భూగోళం చెప్పి, సుద్దముక్క దగ్గు ఒకటి, పింఛను ఒకటి వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. ఇప్పుడామెకు అరవై రెండు. చేపల బజారులో బేరమాడుతుంటే వెనకనుంచి ఎవరో ఒకరు మేడమ్ అని పలకరిస్తారు. ఆమెకు ఆ మనిషి పేరు కన్నా ముందు మార్కులు గుర్తొస్తాయి. ఆమెకు పొగరని అనేవాళ్లు ఉన్నారు. పొగరేమీ కాదు. ప్రతిదీ ఒక వరసలో ఉండాలి, దేని కింద దాని పేరు ఉండాలి, అంతే ఆమె జబ్బు.

ఆ జబ్బే ఆమె చేత బ్లాగు మొదలుపెట్టించింది. పద్దెనిమిదేళ్ల కిందట మా ఊళ్లో బ్లాగులు రాసేవాళ్లు పదిహేను మంది దాకా ఉండేవాళ్లు. కొందరు ఫేస్‌బుక్కుకు పోయారు, కొందరికి పిల్లలు పుట్టారు, ఇద్దరికి బుద్ధొచ్చింది. మిగిలింది ముగ్గురు. ఉప్పు మడుల్లో గుమాస్తాగా చేసి రిటైరైన లమ్జద్ అక్కడ దిగే రాజహంసల గురించి రాస్తాడు. మందుల దుకాణం నడిపే హెందా, ఒకప్పుడు జలీలా దగ్గర చదువుకున్న పిల్లే, పాత ఊరి తలుపుల గురించి రాస్తుంది. జలీలా వంటల గురించి రాస్తుంది. ప్రతి బుధవారం ముగ్గురూ గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఒకరు రాసింది ఇంకొకరు చదివి, బాగుందని అబద్ధమాడుకుంటారు.

జలీలా బ్లాగులో పేజీలు చాలా ఉన్నాయిగానీ ఊరు విరగబడేది ఒక్క పేజీ మీదే. రంజాన్ పండగ పొద్దున ఉప్పుచేపతో షర్మూలా తినని ఇల్లు మా ఊళ్లో లేదు. సరుకు ఏమంత గొప్పది కాదు. ఉల్లిపాయలు, ఎండుద్రాక్ష, ఆలివ్ నూనె, నాలుగు మసాలాలు. ఉల్లి కరిగి, ద్రాక్షరసం చిక్కబడి, నల్లటి ముద్ద అయ్యేదాకా గంటల తరబడి కలియబెట్టాలి. కానీ ఏది ఎంత, దాంట్లో ఏ మసాలా అనే దగ్గర ప్రతి ఇల్లూ ఒక రాజ్యం. తన షర్మూలా పక్కింటి షర్మూలాలా ఉందన్న పాపానికి సొంత ఆడపడుచుతో ఆరు నెలలు మాట్లాడని మనిషి నాకు తెలుసు.

అలాంటి ఊళ్లో ఇరవై ఆరు ఇళ్ల నుంచి కొలతలు రాబట్టింది జలీలా. ఎలా రాబట్టిందంటే, ప్రతి గుమ్మం ముందూ ఒక్కటే మాట చెప్పింది: మీ వంట కింద మీ పేరు ఉంటుంది, లావు అక్షరాల్లో, ఎప్పటికీ. ఆ మాట మీదే వాళ్లు నోరు విప్పారు. కాగితం మీద రాసుకోవే తల్లీ అని ఎవరైనా అంటే నవ్వేది. కాగితానికి నూనె అంటుతుంది, చెద పడుతుంది, బ్లాగుకు ఏమీ కాదు అనేది.

అందరికన్నా చివర్న నోరు విప్పింది ఆమె తల్లి మన్నూబియా. తల్లీ, పక్కింటి బయ్యా పిన్నీ గ్రెమ్దా రోడ్డు మూడో కిలోమీటరులో ఒకే గోడకు అటూ ఇటూ యాభై ఏళ్లు బతికారు. గోడకు మధ్యలో చిన్న తలుపు ఉండేది. ఒకామె ఎండుద్రాక్ష కొంటే రెండో ఆమె సంచీ పట్టుకునేది. ఇద్దరూ ఒకే వసంతంలో, ఒకే మధ్యాహ్నం, డాబా మీద ఎదురెదురుగా కూర్చుని తమ తమ కొలతలు చెప్పారు, ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ. జలీలా ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని టకటకా కొట్టుకుంటూ పోయింది. అప్పుడు పరీక్షల కాలం, నూట ముప్పై పేపర్లు దిద్దాల్సి ఉంది, మనసంతా వాటి మీదే. చివర్లో ఇద్దరిలో ఎవరో పేరు కూడా రాశావా అని అడిగారు. రాశానంది, తలెత్తకుండానే. ఆ ఏడాదే తల్లి పోయింది. రెండేళ్లకు బయ్యా పోయింది.

తల్లి షర్మూలాను జలీలా ఎన్నడూ పొయ్యి మీద పెట్టలేదు. పెట్టే హక్కు లేదు. పెళ్లయిన ఆడది అత్తింటి షర్మూలానే వండాలి. తల్లి బతికున్నంత కాలం పండగ రెండో రోజు ఒక సీసా నిండా పంపేది, అదే ఆమె తిన్నది. ఆ రుచి నాలుక మీద ఉంది, కొలత మాత్రం బ్లాగులో ఉంది. కిందటేడు అత్తగారు పోయింది. ఈ ఏడు రంజాన్ మొదట్లోనే మున్సిఫ్ అని ఆమె భర్త, తనంతట తానే, ఈసారి మీ అమ్మది వండు, పన్నెండేళ్లయింది కదా అన్నాడు. మున్సిఫ్ అలాంటి మాటలు అనే మనిషి కాదు. జలీలా ఆ మాట విని గది లోపలికెళ్లి కాసేపు ఏడ్చింది కూడా.

సరిగ్గా ఆ రంజాన్‌లోనే బ్లాగులో పాత ఎడిటర్ పోయింది.

పాత ఎడిటర్ అంటే ఏముంది, తెర మీద రాసుకోవడానికి ఒక తెల్ల కాగితం. పైన బొత్తాల వరస. పద్దెనిమిదేళ్లలో జలీలా వాటిలో అయిదింటిని మించి ముట్టుకోలేదు. కళ్లు మూసుకుని నొక్కగలదు. దాన్ని తీసేస్తున్నామని బ్లాగులు నడిపే కంపెనీవాళ్లు ముందే చెప్పారట, మూడుసార్లు ఉత్తరం పంపారట, ఇంగ్లీషులో. జలీలా ఆ మూడింటినీ బట్టతలకు మందు అమ్మేవాళ్ల ఉత్తరాలతో కలిపి పారేసింది.

ఉపవాసాల ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం, తల్లి వంట పక్కన తల్లి ఫొటో పెడదామని ఆమె షర్మూలా పేజీ తెరిచింది. కాగితం లేదు. దాని బదులు పేజీ అంతా డబ్బాలు. ఒక్కో పేరా ఒక డబ్బాలో, ఒక్కో పేరు ఒక డబ్బాలో. వేలు తగిలితే చాలు డబ్బా చుట్టూ నీలం గీత వస్తుంది, చిన్న చిన్న బాణాలు మొలుస్తాయి. జలీలా ముందు కళ్లజోడు తుడుచుకుంది. తర్వాత కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. మళ్లీ డబ్బాలే. వేరే ఎవరి బ్లాగులోకో వచ్చానేమోనని పైన పేరు చూసుకుంది. తన పేరే.

సరే ఫొటో ఎక్కడ పెట్టాలా అని ఒక పేరును పట్టుకుని కొంచెం కిందికి జరపబోయింది. అది కాస్తా నాలుగు వంటలు దాటి కిందికి పోయి కూర్చుంది. వెనక్కి తెచ్చే బాణం నొక్కింది. రాలేదు. మళ్లీ నొక్కింది.

ఇక్కడ మా చదువుల సంగతి ఒకటి చెప్పాలి. మేం రాసేది అరబ్బీ, యంత్రాలు వాడేది ఫ్రెంచిలో. అక్షరం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, బొత్తాలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. చిన్నప్పటి నుంచీ మా కళ్లకు అలవాటే, ఎవరికీ తల తిరగదు. కొత్త ఎడిటర్ మర్యాద చేద్దామనుకుందో ఏమో, బొత్తాలతో సహా మొత్తం అరబ్బీలోకి దిగింది. దాంతో వరస అద్దంలో చూసినట్టు తిరగబడింది. వెనక్కి తెచ్చే బాణం ఉండాల్సిన మూలలో, భద్రపరిచే బొత్తం వచ్చి కూర్చుంది. బొత్తం మీద ఏముందో చదవొచ్చు కదా అంటారు. పద్దెనిమిదేళ్లుగా చదవని బొత్తాన్ని ఆ రోజు మాత్రం ఎందుకు చదువుతుంది? పేరు తప్పు చోటికి పోయినప్పుడల్లా వెనక్కి తెస్తున్నాననుకుని, ఆ తప్పును భద్రపరుస్తూ పోయింది.

గంట తర్వాత చూస్తే పైన ఇరవై ఆరు వంటలు ఉన్నాయి. కింద, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లలా, ఇరవై ఆరు పేర్లు గుంపుగా ఉన్నాయి. ఎలా జరిగిందో ఆమెకు ఈనాటికీ తెలియదు. అప్పుడింకా గుండెల్లో రాయి పడలేదు. ఏ పేరు ఎక్కడిదో నాకు తెలియదా అనుకుని, ఉన్న గుర్తుతో ఒక్కొక్క పేరునూ ఎత్తి ఒక్కొక్క వంట కింద పెట్టేసింది. తీరా చివరికి వచ్చేసరికి తల్లి పేరు, బయ్యా పేరు మిగిలాయి, రెండు వంటలు మిగిలాయి. రెండూ చదివింది. ఒకటి ఉల్లి, ద్రాక్ష సమానంగా వేసి, దాల్చినచెక్క, ఎండు గులాబి మొగ్గలు పడేది. ఇంకోటి ద్రాక్ష సగానికి తగ్గించి, మిరియం, మస్తకి చెట్టు జిగురు పడేది. ఏది అమ్మది? పది నిమిషాలు చూసింది. ఏది అమ్మదో ఆమెకు తెలియలేదు.

బుధవారం గ్రంథాలయంలో లమ్జద్ అప్పటికే మండిపడుతున్నాడు. పొద్దున్నే ఆ ఎడిటర్‌వాళ్లకు ఫ్రెంచిలో నాలుగో ఫిర్యాదు రాసి వచ్చాడు. "నా రాజహంసలు గుంపుగా దిగుతాయి మేడమ్. వీళ్లు ఒక్కోదానికి ఒక్కో బోను కట్టించారు," అన్నాడు. ఇక జన్మలో ఒక్క ముక్క రాయనని అంతకు ముందు రెండుసార్లు, ఆ రోజు ఒకసారి ఒట్టేశాడు. హెందా అతని మాట పట్టించుకోకుండా జలీలా కంప్యూటరు తన ముందుకు లాక్కుంది. పాత ప్రతులు లోపలెక్కడో ఉంటాయి, చిటికెలో తీస్తానంది. కాసేపటికి చిటికెలు మానేసి, కళ్లు చిన్నవి చేసి చూడటం మొదలుపెట్టింది.

"మేడమ్, ఈ బొత్తం ఎన్నిసార్లు నొక్కారు?"

"వెనక్కి రావట్లేదని నొక్కాను. లెక్కపెట్టలేదు."

"నలభై ఒక్కసార్లు నొక్కారు. ఇది చివరి ఇరవై అయిదు ప్రతులే ఉంచుకుంటుంది. మీరు నొక్కినప్పుడల్లా పాతదొకటి బయటికి పోయింది."

జలీలా అర్థమైనట్టు తలూపింది. ఏమీ అర్థం కాలేదు. వెనక్కి పోదామని నొక్కితే వెనకదే ఎలా పోతుందని మళ్లీ అడిగింది. హెందా మళ్లీ చెప్పింది. ఒకప్పుడు రేఖాంశాలు అర్థం కాక ఏడ్చిన ఈ పిల్లకు తను ఏడుసార్లు చెప్పింది, ఇప్పుడు ఆ పిల్ల తనకు నాలుగోసారి చెబుతోంది, అదే ఓపికతో. సిగ్గేసింది. హెందా నెట్‌లో పాత పేజీలు దాచే చోటు కూడా వెతికింది. అక్కడ షర్మూలా పేజీ ఉందిగానీ అది మరీ పాతది, తొమ్మిది ఇళ్లే ఉన్నాయి, తల్లిదీ బయ్యాదీ లేవు.

"కాగితం మీద ఎక్కడా లేదా?" అన్నాడు లమ్జద్.

జలీలా అతన్ని ఒక చూపు చూసింది. అతను మళ్లీ రాజహంసల్లోకి వెళ్లిపోయాడు.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. పండగ దగ్గరపడింది కదా, ఊరంతా పేజీ తెరుస్తోంది. జలీలా గుర్తుతో పెట్టిన పేర్లలో సగానికి పైగా తప్పులే. ఐన్ రోడ్డు ఏడో కిలోమీటరు నుంచి హజ్ చేసొచ్చిన ఒక హాజ్జా, మా షర్మూలాలో లవంగం వేసిన రోజు మా వంశంలో లేదు, ఎవరి మీద పగతో నాకు లవంగం అంటగట్టావని నిలదీసింది. రెండు రోజుల పాటు జలీలా పొద్దున్నుంచి ఉపవాసం విడిచే వేళ దాకా ఫోను పట్టుకుని, ఒక్కో వంట చదివి వినిపించి, ఒక్కో ఇంటిచేత ఇది మాదే అనిపించుకుంది. కొందరి దగ్గర అచ్చు తీసిన కాగితాలున్నాయిగానీ తమ ఇంటిది మాత్రమే కత్తిరించి ఉంచుకుని మిగతాది పారేశారు. ఇద్దరు ఒకే వంట తమదని పోట్లాడుకున్నారు. ఒకామె పక్క వంట విని, ఇదేదో బాగుందే, దీని కిందే ఉంచు నా పేరు అంది. జలీలా ఒప్పుకోలేదు. మొత్తానికి ఇరవై నాలుగు పేర్లు ఇరవై నాలుగు ఇళ్లకు చేరాయి.

ఆ రెండు మాత్రం అలాగే ఉన్నాయి. ఫోను చేసి అడగడానికి ఆ ఇద్దరూ లేరు. జలీలాకు అన్నం సహించలేదు. ఇరవై ఆరు ఇళ్లకు మాట ఇచ్చి, అందరిదీ నిలబెట్టి, సొంత తల్లిదే పోగొట్టుకున్నానని మున్సిఫ్ దగ్గర వాపోయింది. గులాబిదే అమ్మదై ఉంటుంది, వంటింట్లో మొగ్గలు చూసినట్టు గుర్తు అనేది. అరగంట తర్వాత, మొగ్గలు బయ్యా పిన్ని కూడా కొనేది కదా అనేది. అసలు గుర్తున్నది వాసనా, తను ఊహించుకుంటున్నదా? ఆలోచించేకొద్దీ బుర్ర బురదనీళ్లయింది.

ఇరవై అయిదో రోజు బయ్యా కూతురు ఫైకా దగ్గరికి వెళ్లింది. ఫైకా జలీలా కన్నా రెండేళ్లు చిన్న. భర్త పోయాక పుట్టింట్లోనే ఉంటోంది. మన్నూబియా ఇల్లు అమ్మేశారుగానీ గోడలో తలుపు ఇంకా ఉంది, అటువైపు నుంచి గొళ్లెం పెట్టి. ఫైకా ఇంటర్నెట్ జోలికి పోదు. జలీలా రెండు వంటలూ కాగితం మీద అచ్చు తీసి పట్టుకెళ్లింది. కాగితం చేతిలో పట్టుకోవడం ఆమెకు చిన్నతనంగా అనిపించింది.

ఫైకా రెండూ చదివి, గులాబి కాగితం మీద వేలు పెట్టింది. "ఇది మా అమ్మది."

"ఎలా చెప్పగలవే? నువ్వూ అత్తింటిదే కదా వండింది ఇన్నేళ్లూ."

"వండకపోతే తినలేదా అక్కా? పండగనాడు ఈ ఇంట్లో ఏ గిన్నె తెరిచినా గులాబి వాసనే. ఇది మా అమ్మది. మస్తకి మీది."

మా ఇంట్లోనూ గులాబి వాసనే అని జలీలా అందామనుకుంది. అంటే పోట్లాట అవుతుంది, ఉపవాసంలో పోట్లాట మంచిది కాదు. కానీ అనకుండా ఉండలేకపోయింది. అంది. పోట్లాట అయింది. పన్నెండేళ్లు నీ దగ్గర పెట్టుకుని పేరు కూడా కాపాడలేకపోయావు, ఇప్పుడొచ్చి మాదాన్ని మీదంటావా అంది ఫైకా. ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. జలీలా లేచి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ నిలబడి, వెనక్కి తిరగకుండానే, రెండూ వండుదాం, నాలుకే చెబుతుంది అంది. ఫైకా వెనకనుంచే, ఎండుద్రాక్ష నువ్వు తీసుకురా, ఉల్లి నేను చూసుకుంటానంది.

ఇరవై ఎనిమిదో రోజు ఫైకా పెరట్లో రెండు పొయ్యిలు వెలిగించారు. మేం షర్మూలా వండేది ఉపవాసంలో, పట్టపగలు. నాలుక మీద చుక్క వేసుకోవడానికి లేదు. కొలతనూ ముక్కునూ నమ్ముకుని వండాల్సిందే, కొలతలకు మా దగ్గర అంత మర్యాద అందుకే. చీకటి పడ్డాక రుచి చూడొచ్చు కదా అంటే, చూడకూడదు. పండగ నమాజు నుంచి మగవాళ్లు తిరిగొచ్చేదాకా మూత తీయకూడదని ఆ రెండు ఇళ్లలోనూ నియమం.

గులాబి దానికి ఫైకా లోపలి నుంచి పెద్ద రాగి గుండిగ తెచ్చింది, రెండు చెవులున్నది, ఇద్దరు పట్టుకుంటేగానీ లేవనిది. మస్తకి దానికి జలీలా ఇంటి నుంచి తెచ్చిన స్టీలు గిన్నె పెట్టారు. మీ గుండిగ ఏమైంది అక్కా అని ఫైకా అడిగింది, ఇంత పెద్దది ఎవరికిచ్చేశావని. జలీలాకు గుర్తు రాలేదు. ఇల్లు అమ్మినప్పుడు ఎవరైనా పట్టుకుపోయి ఉంటారంది. సాయంత్రం దాకా కళ్లు మండించుకుంటూ ఇద్దరూ కలియబెట్టారు. మాట్లాడుకున్నది తక్కువ. ఉల్లి కోసేటప్పుడు మాత్రం ఎవరు దేనికి ఏడుస్తున్నారో తెలియక ఇద్దరికీ హాయిగా ఉంది.

పండగ పొద్దున మున్సిఫ్ నమాజు నుంచి రాగానే జలీలా అతన్ని బట్టలు కూడా మార్చుకోనివ్వకుండా ఫైకా ఇంటికి లాక్కుపోయింది. ఉప్పుచేప ఉడికి, పళ్లెంలో సిద్ధంగా ఉంది. రొట్టె ఉంది. ముందు గుండిగ మూత తీశారు.

జలీలా రొట్టెముక్కను షర్మూలాలో ముంచి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. పండగ రెండో రోజు, తల్లి పంపిన సీసా, మూతకు కట్టిన తెల్ల గుడ్డ. "అమ్మది," అంది.

"మా అమ్మది," అంది ఫైకా, నోట్లో ముద్ద ఉండగానే. ఆమె కళ్లు నిండాయి. అబద్ధమాడే మనిషి మొహం అలా ఉండదు. జలీలాకు అర్థం కాలేదు. మళ్లీ ముంచి తింది. మళ్లీ అదే, అనుమానం లేదు, అమ్మదే.

మున్సిఫ్ స్టీలు గిన్నె మూత తీసి తనే వడ్డించుకున్నాడు. ఇది కూడా బాగుందన్నాడు. ఆడవాళ్లిద్దరూ అతని చేతిలోంచి గిన్నె లాక్కున్నట్టే తీసుకుని చెరో ముక్కా తిన్నారు. ఘాటుగా ఉంది, తీపి తక్కువ, చివర్లో మస్తకి చల్లగా ముక్కులోకి పోతోంది. మంచి వంట. జలీలా ఫైకా మొహం చూసింది. ఫైకా జలీలా మొహం చూసింది. ఇద్దరూ దాన్ని జన్మలో ఎన్నడూ తినలేదు.

"మరి ఇదెవరిదక్కా?"

జలీలా గుండిగను చూస్తోంది. తల్లి పోయాక ఆ ఇల్లు సర్దింది తనే. ప్రతి సామానూ వరసలో పెట్టి, చీటీ అంటించి మరీ సర్దింది. అందులో ఇంత గుండిగ లేదు. ఎవరూ పట్టుకుపోలేదు. అసలు ఎన్నడూ లేదు. పండగ ముందు రెండు రోజులు తల్లి గోడ తలుపు దాటి ఇటు వచ్చేది, ఇక్కడే వండేది, పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. ఇద్దరూ పక్కపక్కన ఎవరిది వాళ్లు వండుకుంటున్నారనుకుంది తను.

"ఒక్కటే గుండిగ ఫైకా," అంది. "యాభై ఏళ్లూ ఒక్కటే వండారు. చెరిసగం పంచుకున్నారు."

ఫైకా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అంటే ఒకళ్లు తమది వండటం మానుకున్నారన్నమాట అంది. జలీలా అవునంది. ఇద్దరిలో ఎవరో ఒకరు కొత్తకోడలుగా ఈ గోడ పక్కకు వచ్చిన మొదటి పండగకే తన ఇంటి షర్మూలాను పక్కన పెట్టేసి, రెండో ఆమెదే బాగుందందో, అననే లేదో, అదే వండింది, అదే తింది, అదే పిల్లలకు పెట్టింది. మా ఊళ్లో ఆడవాళ్లు అలాంటి పని చేస్తారంటే నేను కూడా నమ్మను. కడుపున పుట్టిన పిల్లలకు కూడా చెప్పలేదు. ఒక్కసారి, ఒకే ఒక్క మధ్యాహ్నం, డాబా మీద కూర్చుని చెప్పింది, కొలతతో సహా. ఆ వంట కింద ఆ మనిషి పేరు లోకం మొత్తంలో ఒక్కచోటే ఉంది. పన్నెండేళ్లు లావు అక్షరాల్లో అక్కడే ఉంది. జలీలా దాన్ని రాసిందేగానీ ఒక్కసారీ చదవలేదు.

"మా అమ్మే అయ్యుంటుంది," అంది ఫైకా మెల్లగా. "మెత్తని మనిషి."

"మా అమ్మా మెత్తనిదే," అంది జలీలా.

ఈసారి పోట్లాట కాలేదు. ఫైకా స్టీలు గిన్నెను ఇద్దరి మధ్యకూ జరిపింది. గులాబి షర్మూలాను మున్సిఫ్‌కు వదిలేసి, ఇద్దరూ మస్తకిదే తిన్నారు, అడుగు కనబడేదాకా, రొట్టెతో తుడిచి మరీ తిన్నారు. వచ్చే పండక్కి ఇదొక్కటే వండుదామని ఫైకా అంటే జలీలా సరేనంది.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. గులాబి వంట కింద డబ్బాలో రెండు పేర్లూ కలిపి రాసింది. మస్తకి వంట కింద డబ్బా ఖాళీగా ఉంది. లోపల బూడిదరంగు అక్షరాల్లో ఇక్కడ రాయండి అని ఉంది. చాలాసేపు దాన్నే చూసింది. చివరికి ఇలా రాసింది: ఇది మన్నూబియాది, కాకపోతే బయ్యాది. పేరు రాసిందీ నేనే, పోగొట్టిందీ నేనే. జలీలా.

బొత్తాన్ని ఈసారి చదివి నొక్కింది. నొక్కాక చెయ్యి తీయకుండా అలాగే కూర్చుంది. ఆ రోజు డాబా మీద పేరు కూడా రాశావా అని అడిగింది ఎవరో గుర్తు తెచ్చుకుందామని చూస్తోంది. రెండు ముసలి గొంతులూ ఒకేలా ఉండేవి. తను రాశాననడం మాత్రం స్పష్టంగా గుర్తుంది. రాశానమ్మా అందో, రాశాను పిన్నీ అందో గుర్తు లేదు.